ఎనుము ఈదురుగండి దాటిన రోజు

సోమవారం

బండి గురించి రోజూ రాయాలని దారుల మండలి వాళ్ళు అన్నారు. బండి చేయమంటే చేస్తాను, విప్పమంటే విప్పుతాను, రాయడం నా పని కాదని చెప్పాను. రాయకపోతే పరుగు లెక్కలోకి రాదన్నారు. సరే, రాస్తున్నాను. నా పేరు చౌడేశ్వరి. ఊరు మరలగట్టు. గాలిమరల రెక్కలూ గేర్లూ బాగుచేయడం నా పని. ఊళ్ళో అందరూ చౌడక్క అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారట. నా ముందుకొచ్చి అన్నవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

ఈ రోజు పొద్దున బస్సులకు పట్టాలు కప్పాము. గాలికాలం వచ్చేసింది. ఈ కాలంలో లేచే ఎర్ర దుమ్ములో మెరుపు ఉంటుంది. అది సోకితే తన బుద్ధితో తాను నడిచే ఏ యంత్రమైనా బిగుసుకుపోతుంది. అందుకని ఏటా ఊరి బస్సులు వాటంతట అవే కొట్టంలోకి వచ్చి నిలబడతాయి. మేం వాటిని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి కప్పేస్తాం. వానలు పడేదాకా లేవవు. ఫోన్లు పలకవు. దారి మీద పిట్ట కూడా తిరగదు.

ఆ దారే ఇప్పుడు మా కొంప ముంచేలా ఉంది. గాలికాలంలో ఎవరూ దాటని దారి చచ్చిన దారి అని మండలి నియమం. ఇరవై గాలికాలాలు చచ్చి ఉన్న దారి మీది ఊరిని మూసేస్తారు. మాకు ఇది ఇరవయ్యోది. ఈసారి ఎవరో ఒకరు పలకలపల్లెకు పోయి పొద్దుండగానే తిరిగి రావాలి. రాకపోతే మమ్మల్నందరినీ తీసుకుపోయి సముద్రం గట్టున మేడల్లో పెడతారు. మా మరలను యంత్రాలు చూసుకుంటాయట. నలభయ్యో అంతస్తులో కూర్చొని నేనేం చేయాలి, సముద్రానికి గేర్లు బిగించాలా?

అందుకే ఎనుమును చేశాం. మండలి వాళ్ళకు తెలియకపోతే చెప్తున్నాను, ఎనుము అంటే మా సీమలో గేదె.

దాన్ని చూసినవాళ్ళెవరూ ఆ పేరెందుకు అని అడగలేదు. నల్లగా, పొడుగ్గా, నేలకు ఆనుకొని ఉంటుంది. ముందు చక్రం ఎక్కడో దూరాన, చాచిన ఫోర్కు గొట్టాల చివర ఉంటుంది. సీటు మోకాలెత్తు. కాళ్ళు ముందుకు చాపుకొని, చేతులు బారుగా పెట్టుకొని, పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి. రెండు సిలిండర్లు, ఒక్కోటి నీళ్ళ బిందె అంత. తాగేది కానుగ నూనె. నిప్పురవ్వ అక్కర్లేదు, తీగముక్క అక్కర్లేదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే నూనె మండుతుంది. బుద్ధి అన్నది ఏ మూలా లేని బండి. ఇక మెరుపు దేన్ని చంపుతుంది?

బుధవారం

ఈ రోజు ఎనుమును ఊరి కింద ఇసుక మేటలోకి తోలాను. తోలిన పది బారల్లోనే వెనక చక్రం ఇరుసుదాకా దిగబడింది. ఊరంతా వచ్చి తాళ్ళేసి లాగారు. లాగుతూ ఒక్కొక్కరూ ఒక సలహా ఇచ్చారు. నేను నోరు మూసుకొని ఉన్నాను, దాన్ని కూడా రాసుకోండి.

బండి గీసినవాడు దస్తగిరి. నాకంటే చాలా చిన్నవాడు, గాలిమరల బడిలో నా తర్వాత చేరాడు. ముక్కు మీద పెన్సిలు ఆనించుకొని ఆలోచిస్తాడు. బండి చుట్టూ తిరిగి, బరువు తగ్గించాల్సిందే అన్నాడు. చట్రం గొట్టాలు తీసి పలచనివి వేశాడు, మడ్‌గార్డులు తీసేశాడు, వెనక మోత బల్ల తీసేశాడు, రెండో మనిషి సీటు తీసేశాడు. ఒక్కడే పోయి ఒక్కడే వచ్చే బండికి రెండో సీటు ఎందుకన్నాడు. పోతున్నది ఆడదని గుర్తు చేశాను. చివరకు ఫ్లైవీల్ మీద చెయ్యి పెట్టాడు. ఇంజను పక్కన తిరిగే ఆ ఇనుప చక్రం రోటంత బరువు. దాన్ని సగానికి కోస్తానన్నాడు.

నేను స్పానర్ కింద పెట్టి వాడి వైపు చూశాను.

"దాన్ని ముట్టుకుంటే నీ చెయ్యి కోస్తా. ఇంజను దెబ్బకూ దెబ్బకూ మధ్య బండిని మోసేది అదే రా."

దస్తగిరి నవ్వాడు గానీ చెయ్యి తీసేశాడు. మిగిలిన బరువంతా వాడి మాట ప్రకారమే తీసేశాం. సాయంత్రం మళ్ళీ తోలితే ఇసుక దాటింది. వాడికి శభాష్ చెప్పాను, వాడి వీపు పగిలేలా.

శుక్రవారం

మండలి నుంచి ప్రసూన గారు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆఖరి బస్సులో వచ్చి, మా ఊరు ఉంటుందో పోతుందో చూసి రాసుకోవడానికి గాలికాలమంతా ఇక్కడే ఉంటారు. కోస్తా మనిషి, సన్నగా ఉంటారు, దుమ్ముకు రోజంతా తుమ్ముతారు. మొదట్లో ఆవిడను చూస్తే నాకు ఒళ్ళు మండేది. సంగటి ముద్దలో వేలు పెట్టి గుంట చేసి పులుసు పోసుకోవడం రెండో రోజుకే నేర్చుకున్నారు. అప్పటినుంచి కోపం కొంచెం తగ్గింది.

పరుగు నియమాలు ఆవిడే చదివి వినిపించారు. పొద్దు పొడిచాక బయల్దేరాలి, పొద్దు కుంకేలోపు ఊరి ద్వారం లోపలికి రావాలి. దారిలో ఎవరి సాయమూ ఉండకూడదు. అక్కడికి చేరానన్న సాక్ష్యానికి పలకలపల్లె పెద్ద మనిషి వేలిముద్ర వేసిన చిన్న పలక తేవాలి. ఆ ఊళ్ళో పలకలకు కొదవలేదు, అక్కడ నేల తవ్వితే వచ్చేదే రాయి. నేనెళ్ళి ఓడిపోతే ఇంకోసారి పోవచ్చా అని అడిగాను. ఒక గాలికాలానికి లెక్కలోకి వచ్చేది ఒక్కటే పరుగు అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖం చూడలేదు.

ఆదివారం

ఎనుమును గట్టు వెనక పాత హైవే మీద విడిచాను. ఏం చెప్పను! మనిషి నడిచేంత నెమ్మదిగా మూడో గేరులో పెట్టి, ఒక్కసారి చెయ్యి తిప్పితే చాలు, గొణగకుండా, గేరు అడక్కుండా, వీపు మీద ఎవరో చెయ్యి వేసి నెట్టినట్టు లాక్కుపోతుంది. గట్టు ఎక్కేటప్పుడూ అదే గొంతు, దిగేటప్పుడూ అదే గొంతు. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ కుదురుకుంటుంది. పొడుగు బండి కదా, గుంతల మీద ముందు చక్రం ఎగిరినా ఆ కుదుపు సీటు దాకా రాదు. ఆ డుబ్బుడుబ్బు శబ్దం ఊళ్ళోకి వినిపించి ఆడవాళ్ళు మిద్దెలెక్కారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు చప్పుడు చేసే బండిని చూడలేదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. దుమ్ముకు కట్టుకున్న గుడ్డలోపల గట్టిగా అరిచాను కూడా.

తిరిగి వచ్చేటప్పుడు పక్క గాలి ఒక్క తోపు తోసింది. బండి దారి ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది. సంతోషం అక్కడే దిగిపోయింది.

వచ్చి దస్తగిరికి చెప్పాను. వాడు పెన్సిలు ముక్కుకు ఆనించాడు. పలకలపల్లె దారిలో ఈదురుగండి ఉంది. రెండు కొండల నడుమ సందు అది. మైదానంలో గాలి అంతా ఆ సందులోకే దూరుతుంది. పొద్దున కొంచెం నయం, మధ్యాహ్నం దాటితే మనిషిని నిలబడనివ్వదు.

"ఇసకలో బరువుండకూడదు, గాలిలో బరువుండాల," అన్నాడు దస్తగిరి. "ఒకే బండికి రెండూ యాడ నుంచి తెచ్చేదక్కా?"

పోయేది పొద్దున కాబట్టి పోగలను. వచ్చేటప్పుడు సంగతి అక్కడే చూసుకోవాలి.

మంగళవారం

కూర్చొని మొత్తం రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ అయితే మండలి వాళ్ళు సర్దుకోవాలి.

పొద్దు పొడవగానే ఊరంతా ద్వారం దగ్గర చేరింది. ఎనుముకు ఎవరో బొట్టు పెట్టారు. మీట ఎత్తి సిలిండర్ల గాలి వదిలి, నిలబడి తన్నాను. మూడో తన్నుకు లేచింది. ఇసుక మేట తేలికగా దాటాను, ఆ పుణ్యం దస్తగిరిదే. తర్వాత దారంతా నాదే. ఎర్రటి దుమ్ములో ముందు చక్రం తప్ప ఏమీ కనిపించదు. అయినా ఎనుము ఒకే పాట పాడుతూ పోయింది.

ఈదురుగండిలో పొద్దుటి గాలే నన్ను రెండుసార్లు అంచుకు నెట్టింది. మూడోసారి పడేసింది. మోచెయ్యి గీరుకుపోయింది, బండి అద్దం పగిలింది. ఎనుమును ముందు నుంచి లేపాలని చూస్తే నడుము విరుగుతుంది. సీటుకు వీపు ఆనించి, మడమలు నేలకు తన్ని, వెనక్కి నడుస్తూ లేపాలి. అలా లేపి కూర్చున్నాను. కూర్చున్నాక అర్థమైంది. పొద్దుటి గాలికే ఇలా ఉంటే, ఈ తేలిక బండితో మధ్యాహ్నం గాలిలో నేను ఈ గండి దాటలేను. మరలగట్టు పని అయిపోయిందనుకున్నాను. అయినా ముందుకే పోయాను, వెనక్కి పోతే మాత్రం ఏముంది?

పలకలపల్లెలో బండి చప్పుడు విని జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. కొందరు ముఖాలకు కొంగు అడ్డం పెట్టుకొని నా చుట్టూ నిలబడి ఊరికే చూశారు. గాలికాలంలో వాళ్ళ ఊరికి మనిషి వచ్చి ఇరవై ఏళ్ళు. ఊరి పెద్ద తిప్పమ్మ. నల్లగా, పొట్టిగా, వంగని నడుముతో ఉంటుంది. నా చెయ్యి పట్టుకొని ఇంట్లోకి తీసుకుపోయి, మోచేతికి పసుపు పెట్టి, జొన్నరొట్టె, నంజుకోవడానికి చెనిక్కాయల ఊర్బిండి పెట్టింది. గండిలో పడ్డానని, ఊరి సంగతి ఇదని అంతా చెప్పాను. వింటూనే పలక మీద వేలిముద్ర వేసి నా జేబులో పెట్టింది.

తినేసి లేస్తే బయట నలుగురు మనుషులు విసుర్రాయిని మోసుకొచ్చి ఎనుము పక్కన దించుతున్నారు. తిప్పమ్మ వంటింట్లోది. పైరాయి, కిందరాయి, నల్లగా నున్నగా ఉన్నాయి. గాలికాలంలో అక్కడ పిండిమరలు ఆడవు కాబట్టి ఇంటింటా చేతి విసుర్రాయే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వచ్చిన బండిని ఖాళీగా పంపకూడదన్నది మా సీమ మర్యాద. తోలే మనిషే లేని బస్సులకు దాన్ని పాటించక మేం మర్చిపోయాం. మర్చిపోయే మోత బల్ల పీకేశాం, రెండో సీటు పీకేశాం. పలకలపల్లె వాళ్ళు మర్చిపోలేదు.

నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. బండి ఇసుకలో దిగిపోతుంది, ఇంత రాయి వేస్తే మా ఊరే పోతుంది, ఇంకోసారి వచ్చినప్పుడు తీసుకుపోతానని బతిమాలాను.

"వచ్చిన బండిని ఒట్టిగా పంపిచ్చేది మా ఊర్లో లేదు మ్మా," అంది తిప్పమ్మ. "దిగిపోతే లేపుకో. పొద్దున ఒగసారి లేపినావంట కదా."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంతకీ ఈ రాయితో నేనేం చేసుకోవాలని అడిగాను.

"రాగులు విసిరి ఒక మూటెడు పిండి నాకు తెచ్చియ్యి. ఇంకో ఊరి చేత్తో విసిరిన పిండి తిని శానా ఏండ్లాయ."

పిండి తేవాలంటే మళ్ళీ రావాలి. మళ్ళీ రావాలంటే ఈ రోజు నేను పోయి చేరాలి. ఆ ముసలిది నాకు రాయి ఇవ్వడం లేదు, ఇంకో పరుగు అప్పజెప్తోంది. సరే కట్టమన్నాను. రెండు ఉట్లు తెచ్చి, రాళ్ళను వాటిలో పెట్టి, వెనక చక్రానికి రెండు వైపులా కిందికి వేలాడదీసి, కదలకుండా పగ్గంతో చట్రానికి బిగించారు. కిందరాయి బరువెక్కువ. గాలి ఎటు నుంచి కొడుతుందో ఆ వైపుకు దాన్ని పెట్టించాను. ఆ మాత్రం తెలివి ఇంకా మిగిలే ఉంది.

ఈదురుగండికి వచ్చేసరికి గాలి ఊళపెడుతోంది. గులకరాళ్ళు ఎగిరి ట్యాంకుకు కొడుతున్నాయి. పళ్ళు బిగించి, ఇప్పుడు పడతాను, ఇప్పుడు పడతాను అనుకుంటూ దూరాను. గాలి వచ్చి కొట్టింది. పొద్దున నన్ను పడేసిన దానికంటే పెద్ద తోపు. ఎనుము కొంచెం పక్కకు ఒరిగింది, అంతే. చక్రాలు దారి వదల్లేదు. ఇంకో తోపు. మళ్ళీ ఒరిగి, మళ్ళీ నిలబడింది. నేల దగ్గరగా వేలాడుతున్న ఆ రెండు రాళ్ళు బండిని భూమికి నొక్కి పట్టాయి. నాకు నమ్మకం కుదరడానికి మూడు తోపులు పట్టింది. నాలుగోదానికి భయం పోయి చెయ్యి పూర్తిగా తిప్పాను. అంత బరువుతో, ఎదురు గట్టు మీద, ఆ గాలిలో, రెండు బిందెల ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. కొట్టవే, ఇంకా కొట్టవే అని గాలిని తిట్టుకుంటూ గండి దాటాను. దాటాక ఏడ్చాను. ముఖానికి గుడ్డ ఉంది, దుమ్ములో ఎవరు చూశారు?

తర్వాత పాత హైవే మీద ఎనుము పోయిన పోక ఇంకెవరికీ చూపించలేకపోయానే అని బాధ. సూటిగా, బరువుగా, ఏ పక్కకూ చూడకుండా పోయింది. తేలికగా ఉన్నప్పుడు గుంతల మీద ఎగిరే వెనక చక్రం కూడా బుద్ధిగా నేల పట్టుకొని పోయింది. ఈ బండి పుట్టింది ఇలా మోయడానికేనని అప్పుడు తెలిసింది నాకు.

ఇక ఇసుక మేట. దుమ్ము పలచబడి మా గాలిమరలు కనిపిస్తున్నాయి, వాటి వెనక పొద్దు ఎర్రగా వాలిపోతోంది. బండి ఆపి జేబులోంచి కత్తి తీశాను. పలక జేబులో ఉంది. మండలికి అది చాలు. రెండు పగ్గాలు కోస్తే ఎనుము మళ్ళీ తేలిక, ఇసుక దాటేస్తుంది, ఊరు నిలబడుతుంది. రాళ్ళు ఇక్కడే ఇసుకలో పడి ఉంటాయి. తర్వాత ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు అనుకున్నాను. ఎవరూ రారని నాకు తెలుసు. ఆ ముసలిది వంటింట్లో ఖాళీ అయిన చోటు చూసుకుంటూ పిండి కోసం కూర్చొని ఉంటుంది. కత్తి మడిచి జేబులో పెట్టేశాను. ఎనుము చక్రాల్లోంచి సగానికి పైగా గాలి వదిలాను. మెత్తబడ్డ టైరు ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, ఒంటె పాదం మాదిరి.

మొదటి గేరు. ఒకసారి దిగితే ఇక ఆపకూడదు, గేరు మార్చకూడదు. సగం దాకా బాగానే పోయింది. సగంలో వెనక చక్రం కుంగడం మొదలైంది. ఇంజను గొంతు దిగిపోయింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెరిగింది. డుబ్బు, మళ్ళీ చాలాసేపటికి డుబ్బు. ఇంకే ఇంజనైనా అక్కడ చచ్చేది. ఆ ఖాళీల్లో బండిని మోసింది నేను కోయనివ్వని ఫ్లైవీల్. ప్రతి దెబ్బనూ దాచుకొని తర్వాతి దెబ్బ దాకా చక్రాన్ని తిప్పింది. నేను రెండు కాళ్ళతో ఇసుకను వెనక్కి తంతూ, పదవే తల్లీ, పదవే నా ఎనుమా అని దాన్ని బుజ్జగిస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి చక్రం కింద గట్టి నేల తగిలింది.

పొద్దు ఇంకా మర రెక్క మీదే ఉంది. ఎనుము ద్వారం లోపలికి వచ్చింది.

జనం అరుపులు నాకు వినపడలేదు, చెవుల్లో ఇంకా ఇంజనే మోగుతోంది. ప్రసూన గారు పలక తీసుకొని వేలిముద్ర చూసి, తుమ్మి, ఆ తర్వాత నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. మండలి మనిషి అలా చేయొచ్చో లేదో నాకు తెలియదు. దారి బతికే ఉందండీ అని అందరికీ వినపడేలా చెప్పారు. ఆ మాటకు మా వాళ్ళు ఏడుస్తూ నవ్వారు.

దస్తగిరి మాత్రం బండి వెనక్కి పోయి ఉట్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇదేందక్కా?"

"నువ్వు తీసేసిన బరువు నాయనా. తిప్పమ్మవ్వ మళ్ళా పెట్టిచ్చింది."

వాడు పెన్సిలు కోసం చెవి దగ్గర తడుముకున్నాడు.

శనివారం

మూడు రోజులు విసుర్రాయి ఆగలేదు. ఊళ్ళో ప్రతి ఇంటి చెయ్యీ దాని పిడి మీద పడింది. ఇంటికో చేరెడు రాగులు తెచ్చి విసిరారు. ప్రసూన గారు కూడా కొంగు బిగించి కూర్చున్నారు, పిండి కంటే తుమ్ములే ఎక్కువ రాలాయి. మేం నవ్వితే ఆవిడా నవ్వారు. మధ్యాహ్నానికి రెండు మూటలు నిండాయి. అడిగింది ఒకటే, రెండు వైపులా బరువు సమంగా ఉండాలి కదా.

దస్తగిరి కొత్త బొమ్మ గీసుకొచ్చాడు. పలచని చట్రం అలాగే ఉంది, ఫ్లైవీల్ అలాగే ఉంది. వెనక చక్రానికి అటూ ఇటూ, నేలకు దగ్గరగా, రెండు లావు కొక్కేలు కొత్తగా వచ్చాయి. అక్కడ ఇనుప దిమ్మెలు శాశ్వతంగా బిగించొచ్చు కదా అని వాణ్ణి పరీక్షించాను. తల అడ్డంగా ఊపాడు. ఇనుము ఎందుకు, పోయేటప్పుడు మనం కడతాం, వచ్చేటప్పుడు వాళ్ళు కడతారు అన్నాడు. ఆ ఇద్దరూ కడితేనే బండి పూర్తవుతుందన్నాడు. వాడిని మెచ్చుకోవడానికి ఈసారి వీపు జోలికి పోలేదు.

ఆదివారం

పొద్దు పొడిచింది, ఎనుము మీద కూర్చొనే ఇది రాసి బయల్దేరుతున్నాను. ప్రసూన గారు మండలికి పంపడానికి బండి వివరాలన్నీ అడిగారు. పొడవు చెప్పాను, సిలిండర్లు చెప్పాను, నూనె ఎంత తాగుతుందో చెప్పాను. ఖాళీ బండి బరువెంత అని అడిగారు.

"అది వదిలేయండమ్మా," అన్నాను. "ఈ బండి ఒట్టిగా పోదు, ఒట్టిగా రాదు."

ఆవిడ ఆ మాటనే రాసుకున్నారు. నేను పిండి మూటలు రెండు కొక్కేలకూ తగిలించి, మీట ఎత్తి, నిలబడి తన్నాను. మొదటి తన్నుకే లేచింది.